టీచరమ్మ రిజిస్టర్లో మూడో గడి

శ్రావణ మంగళవారం. తెల్లవారినప్పటి నుంచి ముసురు. ఐదు హెచ్.పి. మోటారుకు వైండింగ్ పూర్తయింది. వార్నిష్ ఆరడానికి ఎండ లేక, రెండు పెద్ద బల్బులు వేలాడదీసి వాటి కింద పెట్టాను. పది గంటలప్పుడు టీచరమ్మ పోయారని కబురొచ్చింది. షట్టరు దించి వెళ్లాను.

ఆ రోజు నా పుస్తకంలో రాసుకున్నది ఇంతే. ఇరవై ఏళ్లకు పైగా రోజూ రాస్తున్నాను గానీ నాకు అలవాటైన రాత ఈపాటిదే. వాన, ఎండ, వచ్చిన మోటారు, వెళ్లిన మోటారు. మనిషి గురించి రాయడం నాకు చేతకాదు. అయినా కూర్చున్నాను. నిన్న ఆమె సంతాప సభలో ఒకాయన ఒక మాట అన్నాడు. దాన్ని అలాగే వదిలేస్తే, ఆమె ఇన్ని ఎండాకాలాలు ఇల్లిల్లూ తిరిగి రాసినదంతా అబద్ధమని మేమే ఒప్పుకున్నట్టు అవుతుంది. నేను ఒప్పుకోను.

మా ఊరు మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ, మెయిన్ రోడ్డు నుంచి లోపలికి ఉంటుంది. ఆమె మా బడిలో పనిచేసి, అక్కడే రిటైరై, ఊళ్లోనే చెల్లెలితో ఉండిపోయారు. మోటార్లకు రాగి తీగ చుట్టే నా వైండింగ్ షాపు బడి గేటుకు ఎదురుగా. ప్రతి ఎండాకాలం సెలవుల్లో ఆమె గొడుగు వేసుకుని ఊరంతా తిరిగేవారు. ఏ ఇంట్లో ఏం దొంగతనం జరిగింది, ఎవరిని ఎవరు కొట్టారు, ఏ ఆడపిల్ల వెంట ఎవరు పడ్డారు అని అడిగి రిజిస్టర్లో రాసేవారు. ఆ రిజిస్టర్లో ఒక ఏడాది పేజీలో నా ఇంటి ఎదురుగా ‘చెప్పలేదు’ అని ఉండేది. చెప్పవలసింది ఒకటుంది. పదేళ్లు అడిగినా నేను చెప్పలేదు. ఆమె ఉండగా నోట రాని ఆ సంగతి ఇప్పుడు చెప్పాలి. ఈ కాగితాలు అందుకే.

ఇది ఎలా మొదలైందంటే, బడి ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారును ఎవరో ఎత్తుకుపోయారు. తొంభైల నడుమ సంగతి. ఆమె దరఖాస్తు రాసుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్లి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి నేరుగా నా షాపులో స్టూలు మీద కూర్చున్నారు. కొంగు నిండా సుద్దపొడి.

“రాసిండ్రా టీచరమ్మా?” అన్నాను.

“మోటరు దొరికినంక రాస్తరట.”

“దొరికినంకనా?”

“ముందుగాల రాస్తే, దొరకకపోతే వాళ్లకు పెండింగు పడుతదట. పిల్లలు పాసైనంక బడిల పేరు రాసుకున్నట్టుంది వీళ్ల కత!”

నవ్వారు గానీ, టీ ముట్టకుండా పక్కన పెట్టారు. కాసేపటికి అడిగారు. “మిస్త్రీ, గీ యేడు రాగి కోసుకపోయిన మోటర్లు నీ దగ్గరికి ఎన్నొచ్చినయి?”

నోటితో చెప్పడం నాకు కష్టం. పుస్తకం తీసి ఇచ్చాను. మోటారు పాడవడం రెండు రకాలు. కరెంటు ఎక్కువ తక్కువలకు కాయిల్ కాలిపోతే లోపలంతా నల్లబడి, కాలిన వార్నిష్ వాసన వస్తుంది. దొంగలు కోస్తే లోపల శుభ్రంగా ఉంటుంది, ఇనుము మీద ఉలి గాట్లు మెరుస్తుంటాయి. విప్పి చూసినప్పుడల్లా ‘కాలింది’ అనో ‘కోశారు’ అనో రాసుకోవడం నా అలవాటు. ఎందుకు రాసేవాణ్నో నాకే తెలియదు. ఆమె జాకెట్టు చేతిలోంచి సుద్దముక్క తీసి, షాపు గచ్చు మీద గీతలు గీస్తూ ‘కోశారు’ అన్నవన్నీ ఎంచారు. పద్దెనిమిది గీతలయ్యాయి.

“స్టేషన్ల మన ఊరి పేరు మీద ఎన్నున్నయో ఎరుకనా? ఒకటి. అది గూడ దొరికిన మోటరు.”

నేను బడికి పోలేదు. మోటార్ల నేమ్‌ప్లేట్లు చూసి ముందు అంకెలు, తర్వాత అక్షరాలు నేర్చుకున్నవాణ్ని. నా వంకర రాతను ఒక టీచరు వేలు పెట్టి చదవడం, దాన్ని నమ్మడం అదే మొదటిసారి. ఆ రోజు నా పుస్తకంలో ‘పద్దెనిమిది’ అని ఒక్క మాట రాసి కింద గీత గీశాను.

ఆ ఎండాకాలమే ఆమె ఒక పాత హాజరు రిజిస్టరు తీసుకుని బయలుదేరారు. జనాభా లెక్కల డ్యూటీ చేసి ఉన్నారు కాబట్టి గడప గడపకూ పోవడం కొత్త కాదు. కానీ, మనుషులెందరని అడిగితే చెప్పే జనం, “పోయినేడు మీకేమన్న అన్యాయం జరిగిందా?” అంటే ఒక్కరూ నోరు విప్పలేదు. సాయంత్రానికి ఊరంతా సుఖంగా ఉన్నట్టు తేలింది. “రామరాజ్యం మిస్త్రీ, మనకే తెల్వదు,” అంటూ వచ్చి కూర్చున్నారు.

మర్నాటి నుంచి అడిగే తీరు మార్చారు. అన్యాయం అన్న మాట వదిలేశారు. కోళ్లు పోయినయా? బోరుకాడి వైరు పోయిందా? బస్సుల ఎవడన్న చెయ్యేసిండా? ఎప్పుడు అంటే జనానికి నెల గుర్తుండదు, పండుగ గుర్తుంటుంది. బోనాలకు ముందా, తర్వాతా? బతుకమ్మ నాటికి మోటారు ఉందా? ఇలా అడిగితే ఒక్కొక్కటే బయటికొచ్చింది. రచ్చబండ దగ్గర ఉండే అవ్వ అయితే ఆమెను వదల్లేదు.

“నా కోడి పోయింది, రాయి.”

“రాస్త అవ్వా. ఎవరెత్తుకపోయిండ్రు?”

“ఏమో బిడ్డా, పిల్లి గావచ్చు.”

“పిల్లిని నేనేం జెయ్యాలె?”

“నువ్వేం జేస్తవో నాకెందుకు? నా కోడి పోయిందా లేదా? రాయి!”

ఆ కోడిని వేరే కాగితం మీద రాసి అవ్వకు చదివి వినిపించి వచ్చారు. లెక్కలో మాత్రం కలపలేదు.

ఇళ్లలో ఆడవాళ్లు చెప్పేవాళ్లు కాదు. వెనక అత్త నిలబడి ఉంటుంది, లేకపోతే మొగుడు మంచం మీద కూర్చుని ఉంటాడు. పిండి గిర్నిలో అయితే మర చప్పుడుకు పక్కవాళ్లకు వినపడదని ఆమె కనిపెట్టారు. రోజూ కిలో గోధుమలు పట్టుకుని వెళ్లి వరసలో అందరికంటే వెనక నిలబడేవారు. చెవి దగ్గర నోరు పెట్టి అక్కడ ఎవరేం చెప్పారో నాకు తెలియదు, నాకెప్పుడూ చెప్పలేదు. ఆ ఏడు వాళ్లింట్లో పిండి పురుగు పట్టిందని చెల్లెలు తిట్టడం మాత్రం విన్నాను.

మొదటి ఏడు ఆమె వల్లా ఒక తప్పు జరిగింది. రిజిస్టరు నాకు చూపించినప్పుడు చెరువు దిక్కు మూడు మోటార్లు పోయినట్టు ఉంది. అది పట్నం ఆసామి కొన్న భూమి. కౌలుకు చేసేది ఒకతను, కావలి ఉండేది ఇంకొకతను. ముగ్గురూ “నా మోటరు పోయింది” అన్నారు. నేను ఆ మోటారు రెండుసార్లు చుట్టినవాణ్ని. నా పుస్తకంలో నేమ్‌ప్లేటు నంబరు ఉంది.

“టీచరమ్మా, గీ మూడూ ఒక్కటే మోటరు.”

ఆమె ముఖం ఎర్రబడింది. సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి రెండు వరసలు కొట్టేశారు. “తక్కువ రాసుడు వాళ్ల తప్పయితే ఎక్కువ రాసుడు నా తప్పు. మంచిగ చెప్పినవ్,” అన్నారు. అప్పటి నుంచి మోటార్ల పేజీ నేను చూడకుండా మూసేవారు కాదు.

ఆ రిజిస్టర్లో మూడు గడులు ఉండేవి. జరిగింది. జరగలేదు. చెప్పలేదు. మొదటి రెండూ ఇంకుతో, మూడోది పెన్సిలుతో రాసేవారు. ఎవరికి జరిగిందో వాళ్ల నోటి నుంచి వస్తేనే మొదటి గడిలోకి ఎక్కేది. పక్కింటివాళ్లు ఎంత ఒట్టేసి చెప్పినా రాసేవారు కాదు. వాళ్లకు వాళ్లు నోరు విప్పితే ఆ పెన్సిలు రాత చెరిపి ఇంకుతో దిద్దడం కోసం, ప్రతి ఏడూ పాత పేజీలు కూడా వెంట పట్టుకెళ్లి, “పోయిన లెక్కల ఏమన్న మార్చాల్నా?” అని ఇంటింటా అడిగేవారు.

ఆ మూడో గడి కోసం ఆమె మండల మీటింగులో ఒక్కరే నిలబడి పోట్లాడారు. మెయిన్ రోడ్డు నుంచి మా ఊరికి ఒక్క దీపం లేదు. తుర్కపల్లి దిక్కు కంపెనీలు వచ్చాక మా ఊరి ఆడపిల్లలు పనికి పోసాగారు. కంపెనీ బండి రోడ్డు మీద దించిపోతే సాయంత్రం అంత దూరం నడిచి రావాలి. గొలుసులు తెంపడం, బండ్లు అడ్డం పెట్టడం మొదలైంది. దీపాలు, ఒక పోలీస్ ఔట్‌పోస్ట్ కావాలని ఊరు అడిగింది. మీటింగుకు ముందే అప్పటి సర్పంచ్ ఆమెను నా షాపులోనే పట్టుకున్నాడు.

“టీచరమ్మా, గా మూడో గడి మొత్తం మొదటి గడిల కలుపురి. లెక్క మస్తుగైతది, ఔట్‌పోస్ట్ వస్తది. ఎవరడుగుతరు?”

“నేనడుగుత.”

“మన ఊరి కోసమే గదా!”

“మన ఊరి కోసం మన ఊరోళ్ల నోట్ల లేని మాట పెట్టాల్నా?”

అతను కోపంతో బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు. మీటింగులో ఇంకోవైపు నుంచి అదే వచ్చింది. రిజిస్టరు తిరగేసిన పోలీసు అధికారి, “చెప్పలేదు అంటే ఏం లేదనే కదమ్మా. ఇక్కడ సున్నా వేసుకోండి. మా రికార్డులో కూడా ఈ ఏడాది మీ ఊరి మీద కేసుల్లేవు,” అన్నారు.

ఆమె లేచి నిలబడ్డారు. నేను వెనక బెంచీలో ఉన్నాను.

“పిల్లగాడు పరీక్షకు రాకపోతే నేను ఆబ్సెంటని రాస్త సార్. సున్నా మార్కులని రాయ. రాసినోనికి వచ్చేది సున్నా. రానోనిది మనకు తెల్వదు. తెల్వనిది తెల్వదనే రాయాలె.”

“అదంతా సరేనమ్మా, ఇది రికార్డు కాదు కదా.”

“మీ రికార్డుల మీ గేటు దాటి లోపటికొచ్చినోళ్లున్నరు. గేటు కాడ్నుంచే మీరు వాపసు పంపినోళ్లు నా రిజిస్టర్ల ఉన్నరు. అసలు ఇంట్ల నుంచే కదలనోళ్లు ఇంక ఏ పుస్తకంల లేరు. మరి మీది మొత్తమెట్లయితది?”

అధికారి రిజిస్టరు మూసి ఇచ్చేశారు. టీలు వచ్చాయి. ఔట్‌పోస్ట్ రాలేదు, ఇవాళ్టికీ రాలేదు. దీపాలు సగం దారికి వేశారు, అవీ ఏడాదిలో పగిలాయి. ఆమె మళ్లీ రాశారు, మళ్లీ అడిగారు. గెలిచారని నేను చెప్పను. ఒక్క గీత ఎక్కువ రాయమన్నా, ఒక్క గీత తక్కువ రాయమన్నా వినలేదని మాత్రం చెప్పగలను.

ఇక నా పేజీ.

మోటార్ల లెక్క మొదలైన మరుసటి ఏడు. ఎండాకాలం మధ్యాహ్నం షాపులో కూర్చుని, ఎప్పటిలాగే నా పుస్తకం తిరగేస్తున్నారు. టీ సాసర్లో పోసుకుని ఊదుతూ ఒక చోట ఆగారు.

“మిస్త్రీ, నీకేమన్న జరిగిందా పోయినేడు?”

“ఏం లేదు.”

“నాలుగు మోటర్లు చుట్టి రెడీ అని రాసినవ్. బతుకమ్మ ముందట.”

“అవును.”

“వారం తిరక్కముందే నాలుగూ మల్లా కాలినయని రాసినవ్.”

“కాలినయ్.”

“ఆ వారం ట్రాన్స్‌ఫార్మర్ పోయి ఊర్ల కరెంటే లేదు. అది గూడ నువ్వే రాసినవ్. కరెంటు లేనిది మోటర్లు ఎట్ల కాలినయ్?”

నేను స్క్రూడ్రైవరు కోసం వెతుకుతున్నట్టు వంగి బల్ల కింద ఉండిపోయాను. ఆమె మళ్లీ అడగలేదు. పెన్సిలు గీకిన చప్పుడు వినిపించింది. లేచి చూస్తే నా ఇంటి ఎదురుగా ‘చెప్పలేదు’ అని ఉంది.

“లేదన్న గదా టీచరమ్మా! జరగలేదని రాయిరి.”

“లేదన్నవ్, విన్న. కానీ నీ పుస్తకం ఇంకోటి చెప్తాంది. నాకు నీకన్న నీ పుస్తకం మీద నమ్మకమెక్కువ.”

నాకు మండిపోయింది. రెండు నెలలు ఆమెతో మాట్లాడలేదు. ఆమె మాత్రం బడికి పోతూ వస్తూ “ఏం మిస్త్రీ” అనేవారు. తర్వాతి ఎండాకాలం ఆ పేజీ తెరిచి, “ఏమన్న మార్చాల్నా?” అన్నారు. లేదన్నాను. ఆ తర్వాతి ఏడూ అంతే. ఏడాదికి ఒక్కసారి, ఒకే ఒక్క మాట. ఎందుకు చెప్పవని అడిగింది లేదు, చెప్పమని బతిమాలింది లేదు.

ఊరు మారింది. తూంకుంట దాకా వెంచర్లు వచ్చాయి. మా పొలాల్లోనూ కాలనీ లేచింది, గేటు పెట్టారు, కోస్తా వైపు నుంచి ఉద్యోగాల వాళ్లు వచ్చి చేరారు. రిటైరైనా ఆమె గొడుగు వేసుకుని ఆ గేటు దగ్గరికీ వెళ్లారు. అసోసియేషన్ ఆయన బయటికొచ్చి, “మా కాలనీలో అలాంటివేమీ ఉండవండీ. ఇలాంటివి రాస్తే ప్లాట్ల రేట్లు పడిపోతాయి, దయచేసి రాయకండి,” అన్నాడట. ఆ కాలనీ మొత్తానికి ఆమె మూడో గడిలో పెన్సిలుతో ఒక పొడవాటి గీత గీశారు. “ఇంత పెద్ద చెప్పలేదు నేనెన్నడు రాయలె,” అని నవ్వుతూ చూపించారు.

మొన్నటి ఎండాకాలం ఆమె తిరగలేకపోయారు. కాళ్లు వాచాయి. నన్ను ఇంటికి పిలిపించుకుని, రిజిస్టర్ల కట్ట విప్పించి, ఆ పేజీ తీయమన్నారు. నేనే అన్నాను, “ఏం మార్చేది లేదు టీచరమ్మా.”

“మార్చమని పిలవలె. పెన్సిల్ రాత చెరిగిపోతాంది, నా కండ్లకు ఆనుతలేదు. జర దిద్దు.”

పెన్సిలు నా చేతికిచ్చారు. నేను ఆ నాలుగక్షరాల మీద నెమ్మదిగా దిద్దాను. ఆమె పేజీని కళ్ల దగ్గరికి పట్టుకుని చూశారు.

“ఇగ గిది నా అనుమానం గాదు. నీ చేతి రాత.”

నేను తల వంచుకుని వచ్చేశాను. బతికుండగా ఆమెను చూడటం అదే ఆఖరు. మరుసటి వారం వెళ్దామనుకున్నాను. పని పడింది.

ఆమె పోయారని తెలిసిన రోజు అన్నం ముందు కూర్చుని నా భార్యతో, “నీకొకటి చెప్పాలె,” అన్నాను.

“స్టేషన్ల సంగతేనా?”

నా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

“నాకెరుకే. ఆ దినం నీ అంగీ నేనే ఉతికిన గదా. పది దినాలు చెప్పులేసుకోలేకపోతివి, నాకు కండ్లు లేవా?”

“మరి టీచరమ్మ అడిగితే ఎందుకు చెప్పలే?”

“అడిగింది. నాకు జరిగింది నేను చెప్పిన. నీకు జరిగింది నువ్వు చెప్పాలె,” అని పులుసు పోసింది.

నిన్న బడిలో సంతాప సభ. ఫొటోకు దండ వేసి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. అందరూ మంచే చెప్పారు. ఆఖర్న ఆ మాజీ సర్పంచ్ మైకు పట్టుకుని, “టీచరమ్మ పుణ్యాన మన ఊరు నేరాలు లేని ఊరైంది. స్టేషన్ల గూడ మన ఊరి పేరు మీద ఒక్క కేసు లేదు. గా అమ్మకు ఇంతకన్న గౌరవం ఏముంటది?” అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

నేను లేచాను. ఊళ్లో ఇన్నేళ్లుగా ఏ సభలోనూ నోరు తెరిచినవాణ్ని కాదు.

“నేరాలు లేకేంది? ఉన్నయి. ఒకటి నాది.”

“మిస్త్రీ, కూసో. గిప్పుడా గది?”

“గిప్పుడే. ఆమె ఫొటో ముందట అబద్ధం చెప్పినంక ఇంకెప్పుడు?”

చెప్పాను. అక్కడ చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను, ఆమె అడిగే పద్ధతిలో పండుగతో మొదలుపెట్టి.

బతుకమ్మకు ముందరి వారం. కరెంటు లేదు. పొద్దున షాపు తెరవబోతే తాళం పగలగొట్టి ఉంది. చుట్టి సిద్ధంగా పెట్టిన నాలుగు మోటార్లలో రాగి కోసుకుపోయారు. అవి రైతులవి. నేను స్టేషన్‌కి వెళ్లాను. రాగి ఎవరికి అమ్మావని అడిగారు. అమ్మలేదన్నాను. చెంప మీద కొట్టారు. అన్నీ రాసుకునే నేను అవి ఎన్ని దెబ్బలో ఎంచలేదు. తర్వాత పడుకోబెట్టి అరికాళ్ల మీద కొట్టారు. సాయంత్రం దాకా గోడ వారగా నేల మీద ఉంచారు. పోయేముందు ఒక కాగితం పెట్టారు. నా షాపులో ఏ దొంగతనమూ జరగలేదని, నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదని అందులో ఉంది. చదవడం వచ్చు కాబట్టి చదివాను. చదివే సంతకం పెట్టాను. సొంతంగా నేర్చుకున్న అక్షరాలతో నేను సంతకం చేసిన మొదటి సర్కారు కాగితం అదే.

రైతులకు టెస్టింగులో మోటార్లు మళ్లీ కాలాయని చెప్పి నా తీగతో చుట్టిచ్చాను. పుస్తకంలోనూ ‘కాలింది’ అని నాలుగుసార్లు రాశాను. టీచరమ్మ సాక్ష్యంగా పట్టుకుని మీటింగులకు తీసుకెళ్లిన పుస్తకంలో ఆ నాలుగు అబద్ధాలు నావి. దెబ్బల కన్నా అవే నన్ను ఎక్కువ తిన్నాయి. దెబ్బ తిన్నది నేనైతే సిగ్గు నాకెందుకో పదేళ్లు ఆలోచించినా తెలియలేదు. ఇక ఆలోచించను. కాదన్నవాళ్లు నా షాపుకు రండి, ఆ కరెంటు లేని వారం పేజీ తీసి చూపిస్తాను.

సభలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మాజీ సర్పంచ్ గొంతు సవరించుకుని వందన సమర్పణ అన్నాడు. టీచరమ్మ చెల్లెలు మాత్రం లేచి ఇంటికి పోయి, రిజిస్టర్ల కట్ట తెచ్చి నా ముందు బెంచీ మీద పెట్టింది. పెన్సిలు రాత చెరిపి, మొదటి గడిలో ఇంకుతో ‘జరిగింది’ అని రాశాను. నా పుస్తకంలో ఆ నాలుగు ‘కాలింది’లను కూడా రాత్రే కొట్టేసి ‘కోశారు’ అని దిద్దాను. సభ అయ్యాక బయట చెప్పులేసుకుంటుంటే నాకంటే పెద్దాయన ఒకాయన దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు. “గా స్టేషన్లనేనా?” అవునన్నాను. “నన్ను గూడ,” అని కర్ర పొడుచుకుంటూ వెళ్లిపోయాడు. రేపు ఆయన ఇంటికి వెళ్లి అడగాలి.

ఈ రోజు శనివారం. ముసురు వెలిసింది. పలచగా ఎండ. మంగళవారం నుంచి ఉన్న ఐదు హెచ్.పి. మోటారు బయట ఎండకు పెట్టాను. పొద్దున దూలపల్లి నుంచి మూడు హెచ్.పి. మోటారు ఒకటి వచ్చింది. మూత విప్పాను, ఇంకా లోపల చూడలేదు.

ఇది రాస్తుండగానే షాపు ముందు ఆటో ఆగింది. మోటారు దించుతారని లేచాను. ఒకామె దిగింది. గేటు కాలనీలో ఉండే ఆవిడ. చేతిలో మోటారు లేదు, వైరు ముక్క కూడా లేదు. కాసేపు బోర్డు వంక చూస్తూ నిలబడి, “మిస్త్రీ గారంటే మీరేనాండీ? మీరు రాసుకుంటారని మా పనమ్మాయి చెప్పింది. మావారికి తెలీదండీ నేనొచ్చినట్టు,” అంది.

స్టూలు మీది కాయిల్ తీసి కింద పెట్టి, కూర్చోమన్నాను. దూలపల్లి మోటారు కాలిందో, కోశారో ఇంకా చూడలేదు. ముందు ఈమె చెప్పేది వినాలి.